ఉచిత సీట్లు ఒకటో తరగతి నుంచా, నర్సరీ నుంచా?

కృష్ణలంక అమ్మ:
మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి నడుపుకునే దంపతుల బాబుకు విద్యాహక్కు చట్టం కింద ఈ జూన్‌లో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి సీటు వచ్చింది. మా పాపదీ అదే తరగతి. తను మాత్రం నర్సరీ నుంచి అక్కడే చదువుతోంది. మొన్న ఇంటికి వచ్చి, "అమ్మా, వాడికి ఏమీ రాదు, ఎందుకు?" అని అడిగింది.

ఏమీ రాదన్నది నిజం కాదు. సాయంత్రం వాళ్ళ నాన్న పక్కన నిలబడి చొక్కాలు పదేసి లెక్కపెట్టి మూట కట్టిస్తాడు ఆ పిల్లవాడు. బడిలో మాత్రం బోర్డు మీది ఇంగ్లీషు మాటలు తోటివాళ్ళు చకచకా డైరీలో ఎక్కిస్తుంటే, పెన్సిలు పట్టుకుని పక్క పుస్తకంలోకి చూస్తూ కూర్చుంటాడట. మిగతా వాళ్ళకు అలవాటు కావడానికి మూడేళ్ళు పట్టింది. వీడికి మూడు నెలలు కూడా కాలేదు.

చట్టంలో సెక్షన్ 12(1)(సి) ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. దాని కిందనే ఇంకో మాట ఉంది: ఆ బడిలో పూర్వ ప్రాథమిక తరగతులు ఉంటే వాటి ప్రవేశాలకూ ఇదే వర్తిస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఈ సీట్లు ఒకటో తరగతిలోనే ఇస్తున్నారు. నర్సరీ నుంచే ఇవ్వాలని నా వాదన. మీరేమంటారు?

బ్రాడీపేట కరస్పాండెంట్:
అమ్మా, మాది గుంటూరులో చిన్న బడి. 2012లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది, దాన్ని నేను కాదనడం లేదు. డబ్బు సంగతి చూడండి. ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో పిల్లవాడిపై పెట్టే ఖర్చు, మా అసలు ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ప్రభుత్వం మాకు చెల్లించాలంటుంది సెక్షన్ 12(2). పైగా ఈ చట్టం ఇచ్చే హక్కు 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది. నర్సరీ గదికి టీచరుతో పాటు ఆయా కూడా కావాలి. ఆ జీతాలు మిగతా తల్లిదండ్రుల ఫీజులోంచే రావాలి. ఆ ఫీజు కట్టేది కూడా ఆటో నడిపేవాళ్ళు, మిర్చి యార్డులో గుమస్తాలు.

సింగ్ నగర్ అంగన్‌వాడీ టీచర్:
అందరూ మా పిల్లలను తీసుకుపోవడం గురించే మాట్లాడుతున్నారు. మూడేళ్ళ పిల్ల నర్సరీకి వెళ్ళిపోతే మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పాలు ఎవరు పెడతారు? 1975 అక్టోబరు 2న ఈ అంగన్‌వాడీల పథకం మొదలైనప్పటి నుంచి తిండి, టీకాలు, ఆటపాటలు ఒకే చోట కలిపి నడుస్తున్నాయి. నర్సరీలో అక్షరాలు దొరుకుతాయి, గుడ్డు దొరకదు.

నా దగ్గర ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఏడుగురు, లంబాడీ మాట్లాడేవాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఒక పిల్ల "పానీ" అంటే గ్లాసు అందించి "నీళ్ళు" అని చెబుతాను. వారం తిరిగేసరికి ఆ పిల్ల నీళ్ళు అంటుంది, పక్కన తెలుగు పిల్లలు పానీ అంటారు. ఎవరి మాటనూ తప్పు అనను. మూడేళ్ళ బిడ్డకు తన ఇంటి మాటే తప్పయితే ఇక నోరు విప్పదు, ఇది నేను కళ్ళారా చూశాను.

కలపడం అంటే ప్రతిసారీ మా పిల్లలే మీ గడప ఎక్కాలా? మీ పిల్లలు మా దగ్గరికి ఎందుకు రారు?

గుంటూరు నాన్న:
మా బాబుకు వినికిడి యంత్రం ఉంది. రెండు బడుల్లో నర్సరీకి అడిగితే, "ఒకటో తరగతికి తీసుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు. మన రాష్ట్రంలో ఆ 25 శాతంలో అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులు ముగ్గురికీ కలిపి 5 శాతం. ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6. వాటా ఉంది, కానీ ఒకటో తరగతిలోనే. వినికిడి తక్కువైన పిల్లలకు మాట నిలిచే వయసు అంతకు ముందే. తోటి పిల్లల మధ్య కూర్చుంటే వాడికి మాటలు వస్తాయని మా ఆశ. ఇంట్లో నేనూ వాళ్ళ అమ్మా ఎంత మాట్లాడినా ఇద్దరమే కదా.

కృష్ణలంక అమ్మ:
కరస్పాండెంట్ గారూ, డబ్బు సకాలంలో, సరిపడా రావాలని మీరు అడగండి, మీతో పాటు నేనూ సంతకం చేస్తాను. కానీ ఆ లెక్క తేలేదాకా పిల్లలు వయసు పెరగకుండా ఆగరు. గుంటూరు నాన్న గారు రాసింది చదివాక నర్సరీ మాట మీద ఇంకా గట్టిగా నిలబడుతున్నాను. గుడ్డు, పాలు పిల్ల ఏ బడిలో ఉంటే అక్కడికే వెళ్ళాలని కూడా దానికి కలుపుతున్నాను.

టీచర్ గారూ, మీరు అడిగిన చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా వీధిలో అంగన్‌వాడీ ఉంది. ఆరేళ్ళుగా దాని ముందు నుంచి వెళ్తున్నాను, ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు. మా చిన్నవాడికి వచ్చే నెలలో మూడేళ్ళు నిండుతాయి. పిల్లలను ఉదయం ఎన్నింటికి దించాలి? మొదటి రోజు నేను కాసేపు పక్కన కూర్చోవచ్చా?