తవ్వకం ఆగిన ఇసుక క్వారీ చెరువుల్లోకి జనాన్ని రానివ్వాలా?

గట్టుమీద:
ఇసుక తవ్వడం ఆపేశాక గుంతలో ఊటనీరు నిండి చెరువవుతుంది. చాలాచోట్ల గేటుకు తాళం వేసి, బోర్డు పెట్టి వదిలేస్తారు. నడకకీ, పిట్టల్ని చూడటానికీ, ఒక మూల ఈతకీ తెరవాలని నేనంటాను. తాళం చూసి జనం ఆగరు, కంచె కింద నుంచి దూరి వెళ్తారు. అప్పుడేదైనా జరిగితే పలికే దిక్కుండదు. మీరేమంటారు?

నిలువులోతు:
నడకకి సరే. ఈత మాటకి ఒప్పుకోను. యంత్రంతో తవ్విన గుంత ఇది. మోకాలి లోతులో నిలబడ్డామనుకుంటాం, ఇంకో అడుగు వేస్తే కాలికి నేల అందదు. ఆ అంచంతా వదులు ఇసుక, బరువు పడితే జారుతుంది. పైగా ఎండాకాలంలో పైనీళ్లు వెచ్చగా ఉన్నా కింద పొర చల్లగానే ఉంటుంది. చలిదేశాల్లోని లోతైన చెరువుల్లో అడుగున 4 డిగ్రీలకు దగ్గరగా కూడా ఉండొచ్చు. ఒళ్లు ఒక్కసారిగా అంత చల్లటి నీళ్లలో పడితే మన ప్రమేయం లేకుండానే గుక్క పీల్చేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. ఇసుక కడిగిన నీళ్లు వదిలే మడుగులు ఇంకో తలనొప్పి. పైన పెచ్చు కట్టి గట్టినేలలా కనిపిస్తాయి, కింద బురద.

పిట్టలపిచ్చి:
మనుషుల సంగతి సరే, పిట్టల టెన్షన్ ఎవరికీ లేదా? శాండ్ మార్టిన్లు అనే చిన్న పిట్టలు నిటారు ఇసుక గోడల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. తీతువులు ఉత్త గులకరాళ్ల మీదే పెడతాయి, పక్కనే నడిచినా గుడ్డు కనపడదు. తాడు లేని ఒక్క కుక్క చాలు. నా ఓటు తాళానికే.

గట్టుమీద:
పిట్టలపిచ్చి గారూ, తాళం వేస్తే ఆ గోడ ఉంటుందా? వానలకి ఇసుక జారి వాలుగా మారుతుంది, గులకరాళ్ల మీద తుప్పలు మొలుస్తాయి. కొన్నేళ్లకు ఒకసారి గోడను మళ్లీ చెక్కాలి, తుప్పలు కొట్టాలి. ఎవరూ చూడని చెరువుకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? ఇంగ్లండులోని అటెన్‌బరో అభయారణ్యం చూడండి, ట్రెంట్ నది పక్కన గులకరాళ్లు తవ్విన గుంతలే. 1966 నుంచి పిట్టలూ ఉన్నాయి, జనమూ వస్తున్నారు.

నిలువులోతు:
అక్కడ గుంతలు చాలా ఉన్నాయండీ, పంచుకోవచ్చు. కాట్స్‌వోల్డ్ వాటర్ పార్కులో (అదీ ఇంగ్లండులోనే, ఇలా తవ్విన గుంతలే) అయితే 150కి పైగా చెరువులు. ఒకదాంట్లో పడవలు, ఇంకోదాంట్లో ఈత, మిగతావి పక్షులకి. మీరంటున్నది ఒక్క చెరువు గురించి.

పిట్టలపిచ్చి:
గోడ చెక్కాలన్న మాట నిజమే, అది కాదనను. అయితే గూళ్లు పెట్టే నెలల్లో ఆ ఒడ్డు పూర్తిగా మూయాలి. చూసేవాళ్లు ఎదుటి ఒడ్డు నుంచి చూడాలి. మిగతా కాలంలో తిరగనివ్వండి, అభ్యంతరం లేదు.

గట్టుమీద:
దీనికి ఒప్పుకుంటున్నాను. ఈత మాత్రం వదలను. తవ్వకం ముగిసేటప్పుడే, యంత్రాలు అక్కడుండగానే, ఒక ఒడ్డుని పలచటి వాలుగా దిద్దించి, అక్కడ కాపలా పెడితే?

నిలువులోతు:
ముందే దిద్దిస్తే మాట్లాడుకుందాం. నీళ్లు నిండాక దిద్దడానికి ఖర్చు మామూలుగా ఉండదు. ఇప్పటికే నిండిపోయిన చెరువులకి మాత్రం నా జవాబు మారదు, అక్కడ ఈత వద్దు.