ఎయిర్ ఫ్రయర్‌లో బంగాళాదుంప ముక్కలు కరకరలాడటం లేదు, తేడా ఎక్కడ?

చిట్టిమూకుడు:
డ్రాయర్ రకం ఎయిర్ ఫ్రయర్, 4 లీటర్లది. బుట్ట అడుగు 20 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు. కిలో బంగాళాదుంపలు చెక్కు తీసి సెంటీమీటరున్నర ముక్కలు కోసి, ఒకసారి కడిగి, ఉప్పు, కారం, వెల్లుల్లి పొడి, 2 టేబుల్‌స్పూన్ల నూనె పట్టించి 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెడుతున్నాను. అంచులు నల్లబడుతున్నాయి, మిగతాదంతా తోలులా సాగుతోంది, కొన్ని లోపల పలుకుగానే ఉంటున్నాయి. అడుగున అతుక్కోవడం సరేసరి. దుంపలు ఫ్రిజ్‌లో పెట్టినవి. నూనె పెంచాలా, టైము పెంచాలా?

పొడిగుడ్డ:
రెండూ వద్దండీ. మీ నూనె కొలత సరిగ్గానే ఉంది. ముందు ఈ లెక్క చూడండి. చెక్కు పోగా కిలో దుంపలకి ఆ సైజు ముక్కలు దాదాపు 250 వస్తాయి. ఒక్కోటి రెండుంపావు చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, అంటే మొత్తం 560. మీ బుట్ట అడుగు 400. సందు లేకుండా పేర్చినా పట్టవు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కింది ముక్కల ఆవిరి పై ముక్కలకి తగులుతుంటే అది వేగడం కాదు, ఉడకడం.

ముక్క పైన తడి ఉన్నంతసేపు ఆ పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బాగా ఎర్రబడాలంటే 140 దాటాలి. అందుకే తడి సంగతి ముందు తేల్చుకోవాలి.

అర కిలో తీసుకోండి. 2 సెం.మీ. ముక్కలు కోయండి, వేగాక ఎలాగూ కుంచించుకుపోతాయి. అన్నీ ఒకే సైజులో ఉండాలి, పలుకు సమస్య సగం అక్కడే తీరుతుంది. చల్లటి నీళ్లలో 30 నిమిషాలు నానబెట్టి, నీళ్లు తేటపడేదాకా రెండు మూడుసార్లు మార్చండి. కోసినచోట ఊరే పిండి పోకపోతే అదే జిగురై ముక్కల్ని బుట్టకి అంటిస్తుంది. వార్చి, పొడిగుడ్డ మీద పరిచి ఒత్తి తుడిచి, 10 నిమిషాలు వదిలేయండి. వేలితో ముట్టుకుంటే తడి తెలియకూడదు. ఆ తర్వాతే టేబుల్‌స్పూను నూనె, అదీ గిన్నెలోనే పట్టించాలి. బుట్టలో పోస్తే సగం కిందికి కారిపోతుంది.

200 డిగ్రీల దగ్గర ఖాళీ బుట్టని 4 నిమిషాలు వేడెక్కించి ముక్కలు వేయండి. మొదటి 7 నిమిషాలు కదపొద్దు. అడుగు పొర గట్టిపడితే అంటుకున్న ముక్క దానంతటదే వదులుతుంది. తర్వాత నాలుగేసి నిమిషాలకోసారి కుదుపుతూ, మొత్తం 18 నుంచి 20 నిమిషాలు.

ఉప్పు దించాకే. ముందే వేస్తే ముక్కలో నీళ్లని పైకి లాగుతుంది. కారం, వెల్లుల్లి పొడి ఆఖరి 2 నిమిషాల్లో. మీకు నల్లగా కనబడేదాంట్లో కొంత దుంప కాదు, మాడిన వెల్లుల్లి పొడి.

ఎసరుమనిషి:
పై పద్ధతితో పల్చటి పొర వస్తుంది. కొరికితే చప్పుడు వినబడాలంటే మాత్రం ముందు సగం ఉడికించాల్సిందే. లీటరు మరిగే నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, టీస్పూను ఉప్పు. అర కిలో ముక్కలు వేసి, మళ్లీ తెర్లడం మొదలయ్యాక 4 నిమిషాలు. అంచు చాకు మొనకి దిగాలి, నడుమ గట్టిగా ఉండాలి. వార్చి అదే వేడి గిన్నెలోకి తిప్పి, సన్నటి సెగ మీద ఒక నిమిషం ఆవిరి పోనివ్వండి. ఇప్పుడు నూనె వేసి మూత పెట్టి గట్టిగా పదిసార్లు కుదపండి. అంచులు అరిగి, పైన పలచటి పిండి ముద్దలా పట్టుకుంటుంది. చూడ్డానికి పాడైనట్టుంటుంది గానీ కరకరలాడేది అదే. 200 దగ్గర 15 నుంచి 17 నిమిషాలు చాలు.

సోడా ఎందుకంటే, దుంప కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ క్షార గుణానికి త్వరగా కరుగుతుంది. నడుమ మెత్తబడేలోపే పైపొర గరుకుబారుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి, పైగా ముక్కలు చిదిమిపోతాయి. వెనిగర్ వేస్తే దీనికి ఉల్టా, పెక్టిన్ బిగుస్తుంది. రెండూ కలిపి పొయ్యడం దండగ. ఈ పద్ధతిలో నానబెట్టడం అక్కర్లేదు.

దుంపలబుట్ట:
ఫ్రిజ్ మాట ఎవరూ ఎత్తలేదేం? లోపల పచ్చిగా, అంచులు నల్లగా రావడానికి అసలు దొంగ అదే. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. చక్కెర ముందే ఎర్రబడి మాడుతుంది, చేదు తగులుతుంది. అలాంటి దుంపల్ని బాగా ఎర్రగా వేయిస్తే అక్రిలమైడ్ అనే హానికర రసాయనం కూడా ఎక్కువ పుడుతుంది, కాబట్టి బంగారు రంగు దగ్గరే ఆపేయాలి. దుంపలు చీకటిగా, గాలి ఆడేచోట బయటే ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే రెండు వారాలు బయట ఉంచితే కొంతవరకు కోలుకుంటాయి.

రకం కూడా ముఖ్యం. నీరు ఎక్కువుండే కొత్త దుంపలు కరకరలాడవు. పరీక్ష కావాలంటే 11 వంతుల నీళ్లలో 1 వంతు ఉప్పు కరిగించి దుంప వేయండి. మునిగితే పిండి దుంప, మీకు పనికొస్తుంది. తేలితే కూరకి వాడుకోండి.

చిట్టిమూకుడు:
అయితే కిలో ఒకేసారి కుదరదన్నమాట. కార్న్‌ఫ్లోర్ వేయొచ్చా? బుట్టలో కాగితం వేస్తే అతుక్కోకుండా ఉంటాయా?

పొడిగుడ్డ:
నానబెట్టే పద్ధతికి కార్న్‌ఫ్లోర్ బాగుంటుంది. అర కిలోకి 2 టీస్పూన్లు, ఆరిన ముక్కల మీద చల్లి పల్చగా పట్టాక నూనె. తడి మీద చల్లితే ఉండలు కడుతుంది. నూనె అందనిచోట తెల్లటి మచ్చలు మిగులుతాయి, అవి తినేటప్పుడు సున్నంలా తగులుతాయి.

కాగితం వద్దు. అడుగు చిల్లులు మూసుకుపోతే గాలి తిరగదు. బుట్ట వేడెక్కించేటప్పుడు ఖాళీ కాగితం అసలే పెట్టకండి, ఫ్యాను గాలికి లేచి పైనున్న కాయిల్‌కి తగిలితే అంటుకుంటుంది. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలూ వద్దు, వాటిలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థం నాన్‌స్టిక్ పూత మీద జిగురుగా పేరుకుంటుంది.

ఎసరుమనిషి:
రెండు వాయిలు చేస్తుంటే మొదటి వాయి జాలీ మీద పరచండి, మూత పెట్టొద్దు. రెండోది దించాక అన్నీ కలిపి 200 దగ్గర 2 నిమిషాలు. అప్పటికి తడి పోయి ఉంటుంది కాబట్టి బుట్ట నిండినా ఫర్వాలేదు.