అమ్మ సగంలో వదిలిన రామకోటి నేను రాయొచ్చా? మనసు పెట్టకుండా రాస్తే అది జపమేనా?

అడిగినది: పన్నెండోపుస్తకం

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి ఐదు నెలలైంది. ఆవిడ బీరువా సర్దుతుంటే రామకోటి పుస్తకాలు దొరికాయి. పదకొండు నిండిపోయాయి, పన్నెండోది మధ్యలో ఆగింది. గడికొక "శ్రీరామ", అంతా ఎర్ర ఇంకే. చివరి పేజీకి వచ్చేసరికి చెయ్యి వణికినట్టుంది, అక్షరాలు గీత దాటి బయటికి వచ్చేశాయి, ఆఖరి గడిలో "శ్రీరా" వరకే ఉంది. ఆ "మ" నేను రాశాను. రాయాలా వద్దా అని ఆలోచించలేదు కూడా, పెన్ను తీసి రాసేశానంతే.

అప్పట్నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ రాస్తున్నాను. కానీ అమ్మకున్న నమ్మకం నాకు లేదండీ. చెయ్యి రాస్తూ ఉంటుంది, బుర్రలో రేపటి మీటింగ్ టెన్షన్ తిరుగుతూ ఉంటుంది, నాలుగు వరసలు అయ్యాక చూసుకుంటే రాముడు ఒక్కసారైనా గుర్తొచ్చాడా అంటే లేదు. పైగా ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు రాయకూడదనీ, స్నానం చేయకుండా పుస్తకం ముట్టకూడదనీ పక్కింటి ఆంటీ అన్నారు. మానేయమంటారా?

గోదావరిగట్టు

మానకమ్మా. ముందు లెక్క చూడు. రోజుకి వెయ్యి నామాలు తప్పకుండా రాసినా కోటి అవడానికి పది వేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళ పైమాటే. ఒక్క చేత్తో ముగిసే పనా అది? మా ఇంట్లో మా నాయనమ్మ మొదలుపెట్టింది, మా అమ్మ పూర్తి చేసింది, ఆ పుస్తకాలన్నీ మూటకట్టి భద్రాచలం తీసుకెళ్ళి స్వామి సన్నిధిలో ఇచ్చి వచ్చాం. ఎవరూ తప్పని అనలేదు.

ఇక మడి సంగతి. కలిసంతరణోపనిషత్తులో నారదుడు బ్రహ్మని ఇదే అడుగుతాడు, ఈ నామజపానికి విధి ఏమిటని. విధి అంటూ లేదు, శుచిగా ఉన్నా లేకపోయినా ఎప్పుడైనా చేయొచ్చు అంటాడు బ్రహ్మ. అక్కడ చెప్పింది హరే రామ హరే కృష్ణ అనే పదహారు నామాల గురించే అనుకో, కానీ నామం అనేదానికి అడ్డుగోడలు ఉండవని మన పెద్దలు పట్టుకున్నది ఆ మాటే. స్నానం చేసి రాస్తే మంచిదే, కాళ్ళూ చేతులూ కడుక్కుని కూర్చున్నా చాలు.

మౌనజపం

పై పెద్దాయన మాట కాదనను గానీ, ధ్యాస లేకపోయినా పర్లేదు అని మాత్రం అనుకోకండి. అందరూ అజామిళుడిని చూపిస్తారు, చనిపోతూ కొడుకుని "నారాయణా" అని పిలిస్తే తరించాడు కదా అని. ఆ కథ అక్కడితో ఆగదండీ. యమభటులు వెళ్ళిపోయాక ఆయన లేచి మళ్ళీ పాత సంసారంలోకి వెళ్ళలేదు, తను చేసినవన్నీ తలుచుకుని కుమిలి, అన్నీ వదిలి గంగాద్వారం వెళ్ళి సాధనలో కూర్చున్నాడు. పొరపాటున పలికిన పేరు తలుపు తీసింది, లోపలికి నడిచింది ఆయనే.

మనువు కూడా యజ్ఞం కంటే పైకి పలికే జపం పది రెట్లు, పెదవులు మాత్రమే కదిలేది వంద రెట్లు, మనసులో చేసేది వెయ్యి రెట్లు అన్నాడు. అంటే లోపలికి పోయేకొద్దీ విలువ పెరుగుతోందన్నమాట. మీరు ఒక పని చేయండి. పేజీ నింపాలని పెట్టుకోకండి. రాస్తున్న ప్రతి నామాన్నీ పెదవులతో అనండి, "శ్రీ" గీసేటప్పుడు "శ్రీ" అనాలి, "మ" అయ్యేదాకా తర్వాతి గడికి వెళ్ళకూడదు. పది గడులే అయినా సరే.

రాత్రిడ్యూటీ

నేను నర్సునండీ, శాస్త్రాలు తెలియవు. పక్షవాతం వచ్చి మాట పోయిన ఒక తాతగారు మా వార్డులో ఉండేవారు. పేరడిగితే చెప్పలేరు, నీళ్ళు కావాలన్నా చెయ్యి చూపించాల్సిందే. కానీ తెల్లవారుజామున బెడ్‌షీట్ మారుస్తుంటే బొటనవేలు వేళ్ళ గణుపుల మీద జరుగుతూ ఉండేది, "రామ రామ రామ" అని స్పష్టంగా వినిపించేది. మాట పోయినా ఏళ్ళ తరబడి అలవాటైన ప్రార్థనలు కొందరిలో మిగులుతాయని డాక్టరుగారు చెప్పారు. అన్నేళ్ళూ ఆయన ప్రతిసారీ మనసు పెట్టే అనుంటారా? నాకైతే అలా అనిపించదు. బస్సులో, పొలంలో, కోపంలో, నిద్రమత్తులో కూడా అని ఉంటారు. అన్నీ పోయిన రోజున అదే మిగిలింది. మీ రాత్రి పేజీని చిన్నచూపు చూడకండి అక్కా.

రామదాసు గోల్కొండ చెరసాలలో రాముణ్ణి నిలదీసి తిట్టాడు కదా, నమ్మకం తగ్గిన రోజున మీరు కూడా ఆయన్నే అడగండి.

పన్నెండోపుస్తకం

అందరికీ చాలా థాంక్స్. తాతగారి గురించి చదివి కాసేపు ఏడ్చాను. నిన్న రాత్రి పెదవులతో అంటూ రాశాను, ఇరవై గడులకే అరగంట పట్టింది, మీటింగ్ మధ్యలో రెండుసార్లు వచ్చింది, వచ్చినప్పుడు పెన్ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ నీలం పెన్నుతో రాస్తున్నాను, ఈరోజు ఆఫీసు నుంచి వస్తూ ఎర్రది కొన్నాను.