నాన్న కంప్యూటర్‌లోకి మోసగాళ్లు వచ్చి వెళ్లారు, ఇప్పుడేం చేయాలి?

నిన్న మధ్యాహ్నం నాన్నకు ఫోను వచ్చింది. విండోస్ సాంకేతిక విభాగం నుంచి మాట్లాడుతున్నామని, ఆయన కంప్యూటర్ నుంచి వైరస్ వ్యాపిస్తోందని చెప్పారట. నమ్మించడానికి ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగేవన్నీ విండోస్ నమోదు చేసే చిట్టా) తెరిపించి, అందులోని ఎర్ర గుర్తులను లెక్కపెట్టించారు. నిక్షేపంగా పనిచేసే కంప్యూటర్‌లోనూ ఆ గుర్తులు ఉంటాయి; నా దాంట్లో ఇంకా ఎక్కువే ఉన్నాయి. ఆ కంగారులో ఆయనకెలా తెలుస్తుంది?

తర్వాత దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం ఒకటి వేయించి, తెరపై కనిపించిన అంకెలు చెప్పించుకున్నారు. మౌస్ బాణం తనంతట తానే కదులుతుంటే నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాల తర్వాత బ్యాంకు ఖాతా తెరవమనేసరికి అనుమానం వచ్చి ఇంటర్నెట్ తీగ పీకేశారు. డబ్బు పోలేదు.

మళ్లీ నెట్‌కు కలపలేదు. నా ఫోను నుంచి ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చాం, బ్యాంకుకూ చెప్పాం.

ఆ ప్రోగ్రాం తీసేస్తే సరిపోతుందా, లేక డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేయాల్సిందేనా? తుడిచే ముందు ఫొటోలు, పత్రాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటే వాటి వెంట ఏదైనా వచ్చే ప్రమాదం ఉందా? బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ వాళ్ల చేతికి చిక్కినట్టే అనుకోవాలా?

ఇంకొక మాట. ఈ ఉదయం వాళ్లే మళ్లీ ఫోను చేశారు. అప్పటి నుంచి ఫోను మోగితే చాలు, నాన్న ఉలిక్కిపడుతున్నారు. తప్పంతా తనదేనని కుమిలిపోతున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా జరిగి ఉంటే, వారికి ఏమని ధైర్యం చెప్పారు?