రాలుటా, రాల్చుటా? అపోప్టోసిస్‌కు మన క్రియ ఏది

అడిగినవారు: ఒక గమనిక నన్ను వదలడం లేదు. కణం తనలోని ఏర్పాటు ప్రకారం చక్కగా చనిపోవడానికి 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టిన వ్యాసంలో పేజీ అడుగున ఉంటుంది. గ్రీకులో పూరేకులు రాలడమని అర్థం చెప్పి, రెండో ‘ప’ పలకొద్దని అన్నట్టు గుర్తు. రేకులేనా, ఆకులు కూడానా? తెలుగులో ఆ ‘ప్ట’ ఉంచాలా, తీసేయాలా?

తెలుగు మాస్టారు: రేకులూ, ఆకులూ రెండూ ఉన్నాయి. అబర్దీన్‌లో గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్ సూచించిన మాట అది. కనురెప్ప వాలిపోయే ‘టోసిస్’ కూడా అదే ధాతువు, అలాగే పలకమన్నారు. గుప్తం, లిప్త పలికే నోటికి ‘ప్ట’ ఏం బరువు? నేను రాస్తాను, పలుకుతాను కూడా. అసలు తగువు క్రియలో ఉంది. ఆకు రాలింది, చెట్టు ఆకును రాల్చింది. ‘ల్చు’ చేరగానే కర్త మారిపోతాడు. మరి ట్యూమర్ కణం రాలుతుందా, ఎవరైనా రాలుస్తారా?

ల్యాబ్ మేడమ్: రెండూ జరుగుతాయి మాస్టారూ. డీఎన్ఏ దెబ్బతింటే కణంలోని పి53 అనే కాపలా ప్రొటీన్ లేచి ప్యూమా, నోక్సా అనే ప్రొటీన్లను తయారు చేయిస్తుంది. అవి చావును ఆపే బీసీఎల్-2 వంటి ప్రొటీన్ల కాపలాను నిలిపేస్తే, బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పైపొరకు చిల్లులు పెడతాయి. అందులోని సైటోక్రోమ్-సి బయటికొచ్చి అపాఫ్-1 ప్రొటీన్‌తో కలుస్తుంది, ప్రొటీన్లను కోసే ఎంజైముల్లో ఒకటైన కాస్పేజ్-9 మేలుకుని కాస్పేజ్-3ని లేపుతుంది. ఇది రాలడం. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణం వచ్చి, కణం పైపొర మీద చావు సంకేతం అందుకునే ఫాస్ గ్రాహకాన్ని తాకితే పని కాస్పేజ్-8తో మొదలవుతుంది. అది రాల్చడం.

పద్యాల అబ్బాయి: ‘గిట్టు’ ఉండగా ఇంత వెతుకులాట ఎందుకండీ? వేమన చెదపురుగు పద్యంలో పుట్టడం పక్కనే గిట్టడం ఉంది. ట్యూమర్ అంటే ఆ రెండింటి లెక్క తప్పడమే కదా!

తెలుగు మాస్టారు: ఆ పద్యం నాకూ ప్రాణం నాయనా. ఆటవెలదిలో ఆ ‘ట్ట’ల దరువు కోసమే చెద పుట్టలోకి వచ్చిందని నా నమ్మకం. కానీ ఎలా పోయినా గిట్టడమే. దెబ్బ తగిలి కణం పగిలి చచ్చే నెక్రోసిస్ కూడా గిట్టడమే. తేడా ఎక్కడ తెలుస్తుంది?

ల్యాబ్ మేడమ్: ఆ తేడాయే ముఖ్యం. అపోప్టోసిస్‌లో కణం ముడుచుకుంటుంది. డీఎన్ఏ, ప్రొటీన్లు కలిసిన క్రొమాటిన్ కేంద్రకం అంచుకు చేరి చిక్కబడుతుంది. పొర బుడగలు బుడగలుగా ఉబ్బి, కణం చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పొర లోపలి వైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు బయటికి తిరుగుతుంది, దాన్ని గుర్తుపట్టి మాక్రోఫేజ్ అనే మింగుడు కణం ఆ మూటలను మింగేస్తుంది. సాధారణంగా వాపు రాదు. నెక్రోసిస్‌లో పొర చిరిగి లోపలిదంతా పక్క కణాల మీద పడుతుంది.

అడిగినవారు: అయితే మూడో రూపం కూడా కావాలి: రాలనిచ్చు. ఫాలిక్యులర్ లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్‌లో ఎక్కువగా 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఎల్-2 మితిమీరుతుంది, కణం రాలదు. 2016లో అమెరికాలో ఒక రకం ల్యుకేమియాకు అనుమతి వచ్చిన వెనెటోక్లాక్స్ అనే మందు, బీసీఎల్-2 గాడిలో కూర్చుని అది పట్టి ఉంచిన, చావును మొదలుపెట్టే బిమ్ ప్రొటీన్‌ను విడిపిస్తుంది. చచ్చే ఏర్పాటు కణంలో ముందే ఉంది, మందు అడ్డు తీసిందంతే.

తెలుగు మాస్టారు: రాలనిచ్చు బాగుందమ్మా, ఒప్పుకుంటాను. మందుకు అది సరే, ప్రక్రియకు పేరుగా పొడుగు. నాకింకో అనుమానం. పి53 ఆజ్ఞ ఇచ్చాక జరిగేది రాలడం ఎలా అవుతుంది? ఆజ్ఞ ఉన్న చోట ‘ల్చు’ ఉండాలి.

ల్యాబ్ మేడమ్: పి53 ఆ కణానిదే కదండీ! తన ఆజ్ఞకు తనే రాలుతోంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 చెడిపోయి ఉంటుంది, అక్కడ ఆ ఆజ్ఞే సరిగా రాదు. అందుకే నా ఓటు ‘రాలు’కే.

పద్యాల అబ్బాయి: సరే, మరి నెక్రోప్టోసిస్‌కు ఏం పెడతారు? అక్కడ రిప్‌కే3 అనే ఎంజైమ్ పురమాయిస్తే ఎంఎల్‌కేఎల్ అనే ప్రొటీన్ పొరను ఛేదిస్తుంది. ఏర్పాటు ప్రకారమే జరుగుతుంది, అయినా కణం పగిలే చస్తుంది. దాన్ని రాలడం అంటారా మేడమ్?