అప్‌డేట్: బాస్ చేపల కోసం చివరికి రెండు కాస్టింగ్ రాడ్లు

జిగ్ (బరువైన తల ఉన్న గాలం), టెక్సస్ రిగ్ (గాలం మొన దాచిన మెత్తటి ప్లాస్టిక్ ఎర), క్రాంక్‌బైట్ (చిన్న చేపలా ఈదే గట్టి ఎర) అన్నిటికీ ఒకే కాస్టింగ్ రాడ్ (ఎర విసిరే గాలపు కర్ర) సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. రెండు కావాలన్నవారి మాటే నెగ్గింది.

మొదటిది 7 అడుగులది: పవర్ (గట్టిదనం) మీడియం హెవీ, యాక్షన్ (వంగే తీరు) ఫాస్ట్. వంపు కొన దగ్గరే ఉంటుంది కాబట్టి, జిగ్ అడుగున రాయిని తాకినా చేతికి తెలిసిపోతోంది. గట్టిగా ఒక్క లాగు లాగితే చాలు, లావాటి గాలం చేప దవడలో దిగుతోంది. స్పిన్నర్‌బైట్‌కూ (గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర) ఇదే వాడుతున్నాను.

క్రాంక్‌బైట్‌కు మాత్రం మీడియం పవర్, మోడరేట్ యాక్షన్. ఇది సగం దాకా వంగుతుంది. క్రాంక్‌బైట్‌కు ఉండే మూడు ముళ్ల గాలాలు సన్నవి, పైపైనే గుచ్చుకుంటాయి. చేప తల విదిలించినప్పుడు ఆ కుదుపును రాడ్డే మింగేస్తుంది, గాలం ఊడదు. నాకైతే ఈ రాడ్డే ముద్దొస్తోంది!

దట్టమైన నాచు మీద కప్ప ఎర వేయాలంటే హెవీ రాడ్, బ్రెయిడెడ్ లైన్ (పోగులు అల్లిన గట్టి దారం) ఉండాలి. అది తర్వాత చూస్తాను.