పాత చేతి జీపీఎస్‌లోని నడకను ఉబుంటులోకి దించడం ఎలా?

చెరువుకట్ట మాస్టారు:
నమస్కారం. భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నా పని చెరువు కట్టల మీద నడిచి, ఆ గీతలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి, అంటే అందరూ కలిసి గీసే ఉచిత ఆన్‌లైన్ పటంలోకి, ఎక్కించడం. మా మేనల్లుడు తాను వాడి పక్కన పెట్టేసిన గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్ఎక్స్ అనే చేతి జీపీఎస్ ఇచ్చాడు. రెండు ఏఏ బ్యాటరీలు వేస్తే పొద్దంతా పనిచేస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ తెర కనిపిస్తుంది. నా ఫోనుకు ఆ రెండూ చేతకావు.

నిన్న రామప్ప చెరువు కట్ట మీద, తర్వాత కాలువ వెంట పొలాల దాకా నడిచాను. తూము దగ్గర, అలుగు దగ్గర గుర్తులు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌కు వచ్చినట్టు బొమ్మ రాలేదు. తీగ పోయిందేమోనని పొరుగింటివారి పాత కెమెరా తీగ అడిగి తెచ్చాను, అదే తంతు. టెర్మినల్‌లో, తగిలించిన యూఎస్‌బీ పరికరాల పేర్లు చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొడితే మాత్రం గార్మిన్ పేరు వస్తోంది. చుట్టం వాకిట్లో నిలబడి లోపలికి రానన్నట్టుంది. జీపీఎస్‌లోని సమాచారాన్ని దించి ఫైలుగా మార్చే జీపీఎస్‌బేబెల్ అనే ప్రోగ్రాంతో ప్రయత్నిస్తే ఏదో 'క్లెయిమ్' కుదరలేదంటోంది. ఏం చేయాలి?

కెర్నల్ కాపలా:
మాస్టారూ, తీగ మంచిదే. ఆ తరం పరికరం మామూలుగా పెన్‌డ్రైవ్‌లా కనిపించదు, తన సొంత పద్ధతిలోనే మాట్లాడుతుంది. మీరు తగిలించగానే కెర్నల్‌లోని (లినక్స్ మూల భాగంలోని) గార్మిన్_జీపీఎస్ అనే మాడ్యూల్, అంటే డ్రైవర్ ముక్క, దాన్ని పట్టేసుకుంటోంది, ఇక బేబెల్‌కు చోటేదీ? ఆర్‌ఎంమాడ్ ఆదేశంతో ఆ మాడ్యూల్‌ను తీసేయండి. మళ్లీ రాకుండా మాడ్‌ప్రోబ్ ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి, అందులో ఆ మాడ్యూల్ పేరును బ్లాక్‌లిస్ట్‌లో (నిషేధ జాబితాలో) రాయండి. తర్వాత బేబెల్‌లో ఇన్‌పుట్ రకం గార్మిన్, ఫైలు పేరు చోట 'యూఎస్‌బీ' అని రాసి వెంటనే కోలన్. ఆ కోలన్ మరిచి నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. అవుట్‌పుట్ జీపీఎక్స్, అంటే పటాల ప్రోగ్రాంలు చదివే జీపీఎస్ ఫైలు రకం. నడక కావాలంటే 'టీ' ఆప్షన్, గుర్తులు కావాలంటే 'డబ్ల్యూ' ఆప్షన్. మొదట సూడోతో (అడ్మిన్ అధికారంతో) చూడండి, పనిచేస్తే ప్రతిసారీ అది అక్కర్లేకుండా పరికరానికి అనుమతినిచ్చే యూడెవ్ నియమం రాసుకోవచ్చు.

కొండదారి:
ఒక్క మాట అడుగుతాను. నడక అయ్యాక పరికరంలో 'సేవ్' నొక్కారా? అందులో సేవ్ చేస్తే చుక్కలు తగ్గిపోతాయి, ఏ చుక్క ఎన్ని గంటలకు పడిందో ఆ సమయమూ పోతుంది. సమయం లేని చుక్కలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకోదు. సేవ్ చేయని అసలు లాగ్‌నే, అంటే నడుస్తుండగా పరికరం తానే రాసుకున్న చుక్కల జాబితానే, దించండి. అన్నట్టు, బ్యాటరీల కింద మైక్రోఎస్‌డీ కార్డు ఉందేమో చూడండి. నడకను కార్డుకు కూడా రాసే సెట్టింగు ఒకటుంది. అది ముందే పెట్టి ఉంటే రోజుకో జీపీఎక్స్ ఫైలు దొరుకుతుంది. ఇంటర్‌ఫేస్ పేజీలో యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ నొక్కితే కార్డు పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటుంది, బేబెల్ అక్కర్లేదు.

చెరువుకట్ట మాస్టారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాడ్యూల్ తీసేయగానే గుర్తులు దిగాయి. నడక దగ్గరే నా తెలివి బయటపడింది. సేవ్ నొక్కాను, అంతటితో ఊరుకోక లాగ్ శుభ్రంగా తుడిచేశాను కూడా! ఇక మళ్లీ నడవాల్సిందేనని చెప్పులు వెతుక్కుంటూ, ఎందుకైనా మంచిదని బ్యాటరీలు తీశాను. కార్డు ఉంది. మా వాడు ఎప్పుడో పెట్టిన సెట్టింగు అలాగే ఉన్నట్టుంది, నిన్నటి తేదీ పేరుతో ఫైలు చెక్కుచెదరకుండా దొరికింది. అలుగు దగ్గర గొర్రెల మంద దాటేదాకా ఆగాను కదా, అక్కడ గీత దారపు ఉండలా చుట్టుకుని ఉంది. ఆ ఉండను చెరిపేసి మిగతాది ఎక్కిస్తున్నాను.